కంపెనీ చేతికిచ్చిన ఉత్తరాలు

మా సారు పోయి నెల దాటింది. ఆడిట్ పని నేను నేర్చుకున్నది శ్రీనగర్ కాలనీలో, ఆయన రెండు గదుల ఆఫీసులోనే.

ఒక్క విషయంలో ఆయన చాలా పట్టుగా ఉండేవారు. లెక్కలు చూస్తున్న కంపెనీకి బాకీ ఉన్నవాళ్లను, ఆ బాకీ నిజమేనా అని అడుగుతూ మేము ఉత్తరాలు రాస్తాం. వాటిని మేమే పోస్టు చేయాలి, జవాబు మా ఆఫీసుకే రావాలి. కంపెనీ మనిషి కవరు ముట్టుకోకూడదు.

ఐటీ జోరు మీదున్న రోజులు. జూబ్లీహిల్స్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఒక సంస్థ సాఫ్ట్‌వేర్ కంపెనీగా పేరు మార్చుకుని, షేర్లు జనానికి అమ్మే పబ్లిక్ ఇష్యూకు సిద్ధమైంది. దాని ఎం.డి. ఫీజు మాట్లాడటానికి వచ్చాడు.

"పెద్ద ఫర్ములోళ్లు నా చుట్టూ తిరుగుతున్నారండీ. మీ మీద గౌరవంతో ఇక్కడికొచ్చాను. సగం చేయండి."

"సగానికి సగం పనే అవుతుందయ్యా."

"చాలండీ. మాకు కావాల్సింది మీ సంతకమేగా" అని నవ్వాడు.

సారు ఒప్పుకున్నారు. డబ్బుకు కాదు. షేర్లు కొనేవాళ్ల కోసం అచ్చేసే ప్రాస్పెక్టస్‌లో తన పేరు చూసుకోవాలని ఉండేది. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

నలుగురం నెలన్నర చేయాల్సిన పనికి ఇద్దరం పదిహేను రోజులు వెళ్లాం. ఉత్తరాలు కవర్లలో పెడుతుంటే ఎం.డి. వచ్చి, "మా డిస్పాచ్‌లో ఇచ్చేయండి, సాయంత్రానికల్లా వెళ్లిపోతాయి" అన్నాడు. సారు వైపు చూశాను. ఆయన తల ఊపారు. కట్ట అందించింది నేనే.

ఏ ఆడిట్‌లోనూ సగం మంది కూడా జవాబివ్వరు. ఈసారి వారంలో అందరూ ఇచ్చారు, అమెరికాలో ఉన్నవాళ్లతో సహా. ఆ మాటే సారుతో అన్నాను.

"మంచి పార్టీలు అయ్యుంటారు. ఫైల్లో పెట్టు" అన్నారు, నా వైపు చూడకుండా. పెట్టాను.

ఇష్యూ మొదలయ్యాక ఫిలింనగర్‌లో పనిచేసే ఒక కాస్ట్యూమర్ ఆ షేర్ల దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. ఏటా తన రిటర్ను సారు చేతే వేయించుకునేవాడు.

"ఇల్లు కట్టనీకి దాచిన పైసలు సార్. జర చెప్పుండ్రి, ఎయ్యాల్నా?"

"నేను చెప్పకూడదయ్యా. రూలు ఒప్పుకోదు."

"మీ సంతకం ఉన్నది కద, గింకేం చెప్తరు" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

రూలు మాట నిజమే. కానీ ఆ రోజు మధ్యాహ్నం సారు అన్నం డబ్బా మూత తీయలేదు.

రెండేళ్లకు కంపెనీ మూతపడింది. బాకీదారుల్లో చాలామంది అసలు లేనేలేరని తేలింది. విచారణ ముగియకముందే సారు ప్రాక్టీసు మానేశారు. తర్వాత ఎన్నేళ్లు బతికినా ఎవరి కాగితం మీదా సంతకం పెట్టలేదు.

సారు పోయిన పదకొండో రోజున కాస్ట్యూమర్ వచ్చాడు. భోజనం చేసి, చేయి కడుక్కుని, నన్ను పక్కకు పిలిచాడు.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. గప్పుడు సార్‌కు ఎర్కనేనా?"

"తెలియదు" అన్నాను.

"నేను గట్లనే అనుకున్న" అన్నాడు. అతని ముఖం కొంచెం తేలికపడింది.

ఆటో ఎక్కిస్తానన్నా వినకుండా యూసుఫ్‌గూడ దాకా నడిచే వెళ్లాడు. అక్కడ ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉంటున్నాడు.