నాన్న చేతికి అమ్మ చెప్పిన పని

మొన్న ఆదివారం కుక్కర్ గాస్కెట్ తెగిపోవడంతో చాలా ఏళ్ల తర్వాత మా ఇంట్లో అన్నం గిన్నెలో ఉడికింది. మూత అదిమిపట్టి గిన్నెను సింకు మీదికి వంచేసరికి, తెల్లటి చిక్కని గంజి పొగలు కక్కుతూ జారింది. ఆ కమ్మటి పచ్చిబియ్యపు వాసన ముఖానికి తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. గంజిని ఇలా కాలువ పాలు చేయడం అమ్మ చూసి ఉంటే ఎంత బాధపడేదో!

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ రెండు గదులదే అయినా వెనక విశాలమైన పెరడు ఉండేది. ఆ పెరట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి నానుతూనో, ఆరుతూనో, ఎండుతూనో ఉండేది. నాన్న షెడ్డులో ఫిట్టరు. గ్రీజు మరకలు పోయేదాకా బాది ఉతికిన ఆయన ఖాకీ బట్టలకు అమ్మ గంజి పెడితే, అవి తీగ మీద మనిషి నిలబడినట్టే నిలబడేవి. మిగిలిన గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి మాకు తాగడానికి ఇచ్చేది. అడుగున పేరుకున్నదానితో నా స్కూలు పుస్తకాలకు అట్టలు అంటించేది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన అమ్మకు బజారు మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది, ఊక కాల్చిన మసిలో ఉప్పూ లవంగాలూ నూరి పళ్లపొడి చేసేది, చిరిగిన చీరలను పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. పాత హిందీ పేపర్లను మెంతులతో కలిపి నానబెట్టి, రోట్లో మెత్తగా దంచి, ఆ గుజ్జును బోర్లించిన బిందె మీద అద్ది, ఎండాక ఊడదీస్తే బుట్ట తయారయ్యేది. మా ఇంట్లో చింతపండూ ఎండుమిరపకాయలూ ఉండేది అలాంటి బుట్టల్లోనే. వాటి మీద అక్కడక్కడా హిందీ అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉండేవి.

మా పెరటికీ పక్క పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. అవతల ఉండే ఫూల్‌బాయిని నేను కాకీ, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. ఆమెది దగ్గర్లోని మస్తూరీ వైపు పల్లె. ఆమె భర్త రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. అమ్మకు హిందీ రాదు, కాకీకి తెలుగు రాదు. అమ్మ చేతిలో ఉన్నదాన్ని చూసి కాకీ "కా?" అనేది. కాకీ చేతిలో ఉన్నదాన్ని చూసి అమ్మ "ఏటి?" అనేది. ఏమిటని అడిగే ఆ రెండు మాటలతోనే వాళ్ల స్నేహం మొదలైంది. మనం బూడిదగుమ్మడి వడియాలు అనేవాటినే కాకీ వాళ్లు రఖియా బరీ అంటారని తెలిసిన రోజున ఇద్దరూ పోగొట్టుకున్న చుట్టాలు దొరికినట్టు మురిసిపోయారు.

నాన్నకూ ఒక చేతిపని ఉండేది. ప్రతి దీపావళికీ ఆయన చిచ్చుబుడ్లు సొంతంగా కట్టేవారు. మా క్వార్టర్ల వరసలోని పిల్లలందరం చుట్టూ చేరితే దగ్గరికి రానిచ్చేవారు కాదు. నాన్న చిచ్చుబుడ్డి క్వార్టర్ చూరు దాటి పూలు కురిపిస్తుందని కాలనీలో పేరు. నేను నాలుగో తరగతి చదువుతున్న ఏడాది, పండగ ముందటి మధ్యాహ్నం, పెరట్లో ఆయన చేతిలోనే ఒక బుడ్డి భగ్గుమంది. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కాకీ గోడ దూకి వచ్చి తొట్టిలో నీళ్లన్నీ ఆయన చేతి మీద కుమ్మరించింది. ఆ ఏడు మా గుమ్మంలో దీపాలు వెలగలేదు.

మంటకు కుడిచెయ్యి బాగా కాలింది. కట్లు విప్పేసరికి చలికాలం మధ్యకు వచ్చేసింది. లేత గులాబీ రంగు చర్మం పట్టింది గానీ వేళ్లు సగం వంగి అలాగే బిగుసుకుపోయాయి. కదుపుతూ ఉండమనీ, లేకపోతే ఇక సాగవనీ డాక్టరు చెప్పారు. నాన్న కదపలేదు. సిక్ లీవులో ఉన్నన్నాళ్లూ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చునేవారు. షెడ్డు సైరను కూస్తే మాత్రం ఆయన వీపు కొంచెం కదిలేది. పానా పట్టలేని ఫిట్టరును ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారన్నది ఆయన దిగులు. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అన్నం తినేటప్పుడు అమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే ఆయన కళ్లు ఎటో చూస్తూ ఉండడం మాత్రం నాకు తెలిసేది.

ఒకరోజు అమ్మ కాగితపు గుజ్జు పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కాస్త పిసికి పెట్టండి. నాకు బోల్డు పనుంది."

నాన్న పళ్లెం వైపు చూడనైనా చూడలేదు. "ఇంక బుట్టలు సేసుకుని బతకమంటావేటి?" అన్నారు.

అమ్మ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ గోడ దగ్గర చాలాసేపు కాకీతో చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం చూశాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే వడియాల పని పెట్టుకున్నారు. కాకీ తన పుట్టింటి నుంచి పెద్ద బూడిదగుమ్మడికాయ తెప్పించింది. ముందు రోజే దాన్ని కోరి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి బరువు పెట్టారు. మినప్పప్పు నానబోశారు. తెల్లారి అమ్మ పప్పు రుబ్బి, గిన్నెలకెత్తి, అంతలోనే వచ్చి బొంత కప్పుకుని పడుకుంది.

"నా వొల్లు కాలిపోతంది. నేను లెగలేను" అని మూలిగింది.

నాకు భయం వేసింది. ఈలోగా కాకీ గోడ అవతల నుంచి కేకేసింది. అమ్మకు జ్వరమని చెప్పాను. ఆమె లోపలికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నేరుగా నాన్న మంచం ముందు నిలబడింది.

"భయ్యా, ధూప్ ఆ గయీ. పీఠీ ఖట్టీ హో జాయేగీ."

ఎండ వచ్చేసింది, ఇంకా ఆగితే పిండి పులిసిపోతుందని. నాన్న నా వైపు తిరిగి, "నా సెయ్యి పని సెయ్యదని సెప్పమ్మా" అన్నారు. హిందీ ఆయనకు నాకన్నా బాగా వచ్చు. ఆ మాట తన నోటితో ఆమెకు చెప్పలేకపోయారు. నేను చెప్పేలోపే కాకీ పిండిగిన్నె తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, రెండో గిన్నెతో పెరట్లోకి వెళ్లిపోయింది.

నాన్న కాసేపు గిన్నెను చూశారు. తర్వాత లేచి దాన్ని ఎడమచేత్తో చంకలో ఇరికించుకుని పెరట్లోకి నడిచారు. నులక మంచం మీద తడిగుడ్డ పరిచి ఉంది. ఎడమచేత్తో పెట్టబోతే గిన్నె ఒరిగిపోతోంది. పట్టుకోవడానికి కుడిచెయ్యి పెట్టారు. వేళ్లు పిండిలోకి దిగాయి. చల్లగా, నురుగులా ఉన్న ఆ పిండిలోంచి చెయ్యి వెంటనే తీయలేదు. మెల్లగా ఒక ముద్ద అందుకుని గుడ్డ మీద జారవిడిచారు. అది ఎటో సాగి తోకలా పడింది. ఇంకొకటి వేశారు. అది మొదటిదాని మీదే పడింది. వేలికి అంటిన పిండి నాకి, "మీ అమ్మ కారం మర్సిపోయినట్టుందే" అన్నారు నాతో.

ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరూ పెట్టారు. కాకీవి ముత్యాల్లా వరసగా ఉన్నాయి. నాన్నవి చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"ఇవేటి, వొడియాలా? బాతుపిల్లలా?" అని నాన్న కూడా నవ్వారు. దీపావళి తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే మొదలు. లోపలికి తొంగిచూస్తే బొంత కింద అమ్మ భుజాలు కదులుతున్నాయి. చలికి వణుకుతోందనుకున్నాను.

మర్నాడు నాన్నే అడిగారు. "ఆ కాయితాల గుజ్జేదే?" ఆ తర్వాత ఆయన చెయ్యి ఖాళీగా ఉన్నది తక్కువ. గుజ్జు పిసికారు. నాతో పోటీపడి దీపం వత్తులు చేశారు. మొదట్లో అవి గొంగళిపురుగుల్లా ఉండేవి. చివరికి అమ్మ వత్తులకన్నా సన్నగా వచ్చాయి. బొంత కుడుతూ సూది జారిపోతే తిట్టుకునేవారు, వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టేవారు. ఎండలు ముదిరి ఆరుబయట పడుకునే రోజులు వచ్చేసరికి, పాత మంచం నులకంతా విప్పి, పాదం మంచంకోడుకు తన్నిపెట్టి, మెడనరాలు ఉబ్బేలా లాగి బిగిస్తూ కొత్తగా అల్లారు. సాయంత్రం దాని మీద నన్ను ఎక్కి గెంతమన్నారు. నేను గెంతాను. మంచం కిర్రుమనలేదు.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు తన చెయ్యి అందించి గట్టిగా నొక్కమన్నారట. నాన్న నొక్కితే, "బస్, బస్" అని వెనక్కి లాక్కున్నారట. నాన్న ఇంటికి వచ్చి, "డూటీకి ఎక్కమన్నారు" అన్నారంతే. అమ్మ పెట్టెలోంచి ఖాకీ బట్టలు తీసి గంజి పెట్టడానికి వెళ్లింది. కొంగుతో కళ్లు తుడుచుకోవడం మాత్రం వెనక నుంచి కనిపించింది. చిటికెన వేలు ఎప్పటికీ సాగలేదు. చిచ్చుబుడ్లు కూడా ఆయన మళ్లీ కట్టలేదు.

అమ్మ పోయాక, కొన్నేళ్ల కిందట, మస్తూరీ దగ్గర పల్లెలో ఉంటున్న కాకీని చూడటానికి వెళ్లాను. మాటల మధ్య ఆ వడియాల రోజు వచ్చింది. పళ్లులేని నోటితో నవ్వుతూ, "బుఖార్ ఉఖార్ కుఛు నయీ రిహిస్" అంది. జ్వరమూ లేదు గిరమూ లేదు! గోడ దగ్గర అంతా ముందే అనుకున్నారట. మానుతున్న చర్మానికి మండుతుందని అమ్మ కావాలనే పిండిలో కారం వేయలేదట. ఏడాది పొడుగునా ఆ చప్పిడి వడియాలు తింటూ నాన్న అమ్మ మతిమరుపును ఆటపట్టించేవారు. అమ్మ తల వంచుకుని వినేది. నాన్నకు చివరిదాకా ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు నాన్నా లేరు, కాకీ కూడా లేదు. కాలనీలో మా వరస క్వార్టర్లు తీసేసి మేడలు కట్టారు. పోయిన వర్షాకాలంలో మెట్ల మీద జారిపడి నా మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వ్యాయామం చేయించే అమ్మాయి నాకొక రబ్బరు బంతి ఇచ్చి, పూటపూటా నొక్కుతూ ఉండమంది. ఓపికగా నేర్పింది, తప్పు పట్టడానికేమీ లేదు. నా చెయ్యి బాగానే స్వాధీనంలోకి వస్తోంది. కానీ తలుపు వేసుకుని, టీవీ ముందు ఒక్కదాన్నే కూర్చుని దాన్ని నొక్కుతుంటాను. నేనెంత వంకరగా నొక్కినా చూసి నవ్వేవాళ్లు లేరు.