గుండ్లత్త ఎముకల్లో సీసం

మా అత్తయ్యను రేవులో అందరూ గుండ్లత్త అంటారు. వలల అంచుకు కట్టే సీసపు గుండ్లు పోయడంలో ఆమెది చెయ్యి తిరిగిన పని. పాత బ్యాటరీల్లోంచి తీసిన సీసాన్ని పెరట్లో పొయ్యిమీద పెడితే, బూడిదరంగు తెట్టు కింద అద్దంలా మెరుపు తేలేది. కాపురానికొచ్చిన కొత్తలో అది చూస్తూ పనులన్నీ మరిచిపోయేదాన్ని.

"ఇనుమైతే మొండికేస్తుంది. ఇది చెప్పిన మాట వింటుంది," అనేది అత్తయ్య, గరిటెతో అచ్చుల్లోకి వంపుతూ.

పని కాగానే అవే బట్టలతో మా పాపను ఒళ్లో వేసుకునేది. ఆ పిల్ల నానమ్మ వేలు నోట్లో పెట్టుకుంటేగానీ నిద్రపోయేది కాదు.

రెండో ఏడు దాటాక పాప పాలిపోయింది. కడుపునొప్పని ముడుచుకునేది. వచ్చిన నాలుగు మాటల్లో రెండు మరిచిపోయింది. నులిపురుగులేమోనని మందేశాం, తగ్గలేదు. చివరికి డాక్టరమ్మ మా ఇంట్లో ఏం పని చేస్తారో అడిగి, ఇద్దరికీ రక్తపరీక్ష చేయించింది. పాప రక్తంలో సీసం. అత్తయ్య రక్తంలో ఇంకా ఎక్కువ. ఆమె మణికట్టు పట్టు తప్పుతుంటే వయసనుకున్నాం.

"నేనెప్పుడూ తినలేదే!" అంది అత్తయ్య.

"పొగలో పీల్చారు, దుమ్ములో మింగారు. ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో చోటిస్తుందమ్మా. ఏళ్ల తరబడి దాచుకుంటుంది. పసిపిల్లలకైతే మెదడునే దెబ్బతీస్తుంది."

అత్తయ్య తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "అంటే కొన్ని గుండ్లు నాలోనే పోసుకున్నానన్నమాట," అంది మెల్లగా. "గోటితో గీస్తే గీత పడే లోహం! దానికింత తెలివా!"

మర్నాడే పొయ్యి తీసేయించింది. చీపురు పడితే దుమ్ము లేస్తుందని ఇల్లంతా తడిగుడ్డతో తుడిచాం. తర్వాత కుమ్మరి దగ్గర కూర్చుని మట్టిగుండ్లు చేయడం మొదలుపెట్టింది. మొదటి ఆవంలో కాల్చినవి సగం పగిలాయి.

"అత్తా, ఇవి మునుగుతాయా, మమ్మల్ని ముంచుతాయా?" అని నవ్వారు జాలర్లు.

"మునగడానికి సీసమే కావాలట్రా? మీరు అప్పుల్లో మునగట్లేదూ!" అంది.

పాప రక్తంలో సీసం నెలల మీద తగ్గింది. పోయిన మాటలు తిరిగొచ్చాయి. ఇప్పుడు బడికెళ్తోంది, లెక్కల్లో కాస్త నిదానం. అది సీసం వల్లో కాదో చెప్పలేనంది డాక్టరమ్మ. అత్తయ్య మణికట్టు మాత్రం పూర్తిగా బాగవలేదు. ఎముకల్లో చేరింది అంత తొందరగా వదలదట. అయినా ఆ చేత్తోనే మట్టి పిసుకుతుంది. రేవులో సగం వలలకు ఇప్పుడు ఆమె గుండ్లే.