మూత పడని ట్రంకుపెట్టె

మంగళవారం తెల్లవారుజామున మా మిలటరీ మావయ్య గారు పోయారు. గుండెపోటన్నారు డాక్టరు గారు. కాదనను. కానీ ఆ గుండె ఎందుకు అలిసిందో చెప్పకుండా మట్టి వేసి ఊరుకోవడం నాకు చేతకాదు.

రక్తసంబంధం కాదు, ఈ దివిసీమలో మా పక్కిల్లు. సరిహద్దు మంచులో కాపలా కాసి, ఊరొచ్చి నేను పాస్టరుగా ఉన్న మందిరానికి పెద్ద అయ్యారు. నా ప్రసంగం హద్దు మీరితే వెనక బెంచీలోంచి దగ్గేవారు. నేను తగ్గేవాణ్ణి. ఇప్పుడు దగ్గేవారు లేరు కనుక గట్టిగానే చెబుతాను.

ఆదివారం ఆరాధనలో రొట్టెతో పాటు సంఘమంతా పుచ్చుకునే ప్రభువు బల్లకి ద్రాక్షరసం ఆయనే కాచేవారు. గుడివాడ బజారులో నల్లద్రాక్ష ఏరి తెచ్చి, శనివారం ఉడికించి, వడగట్టి, సీసాలో పోసి, ట్రంకుపెట్టెలో యూనిఫారం కింద దాచేవారు.

"అక్కడెందుకండీ?" అంటే, "కాపలా కాయాల్సినవన్నీ అందులోనే అల్లుడూ" అనేవారు.

ఒక శనివారం సాయంత్రం పోలీసులు వచ్చారు. మిలటరీ క్యాంటీన్ మందు అమ్ముతున్నాడని ఎవరో చెప్పారట. ఆయన మందు ముట్టరని, తన కోటా కూడా తెచ్చుకోరని ఊరందరికీ తెలుసు. అడిగితే కదా! వీధంతా చూస్తుండగా ఎస్సై పెట్టెను వరండాలో బోర్లించాడు. యూనిఫారం, పతకాలు నేలపాలయ్యాయి. సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఏం పెద్దాయనా, బాగా పులిసిందా?"

"ప్రభువు బల్లకండీ. రేపు ఆరాధనకి."

"మీ ప్రభువుకి కూడా కోటా ఉందా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు. సీసా జీపెక్కింది. మర్నాడు మాకు బల్ల లేదు. వరండాలో పడ్డవాటిని మావయ్య గారు ముట్టలేదు, ఎవర్నీ ముట్టనివ్వలేదు.

కొన్నాళ్ళకి ఒక కానిస్టేబుల్ దొడ్డివైపు నుంచి వచ్చాడు. "పరీక్షలో ఏం లేదంటండీ. సారు వదిలేశారు. మీరూ వదిలేయండి."

"వీధి చూస్తుండగా తీశారు బాబూ. వీధి చూస్తుండగానే సర్దమను. తీసినవాడే సర్దాలి, మా పటాలంలో అదే పద్ధతి."

బైబిల్లో ఫిలిప్పీ చెరసాల గుర్తుందా? తప్పు చేయని అపొస్తలుణ్ణి అందరి ముందు కొట్టి, చెరలో వేసి, తర్వాత చాటుగా పొమ్మన్నారు అధికారులు. ఆయన కదల్లేదు, వాళ్ళనే రమ్మన్నాడు. వచ్చారయ్యా! వచ్చి బతిమాలుకున్నారు! రోమా అధికారికున్న భయం మన అధికారికి లేదా? మావయ్య గారు సోమవారం సోమవారం బందరు పోలీసాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చేవారు. పతకాలు పెట్టుకోకుండానే వెళ్ళేవారు, నేల మీదవి ముట్టరు కదా. "విచారిస్తాం" అనేవారు అక్కడి అధికారులు. తప్పు చేశామనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. ఆ ఒక్క మాట కోసమే బస్సులెక్కి అలిసిపోయారాయన.

సమాధి రోజున స్టేషను నుంచి పూలదండ వచ్చింది. తెచ్చింది ఆ కానిస్టేబులే, తల దించుకుని.

అత్తయ్య గారు తీసుకోలేదు. "దండ ఎందుకు బాబూ? మీ సారుని రమ్మను. పెట్టె సర్దాలి."

యూనిఫారం తొడగకుండా, తెల్లచొక్కాతోనే ఆయన్ని సాగనంపాం. నిన్న వాళ్ళింటికి ప్రార్థనకి వెళ్ళాను. వరండాలో పెట్టె మూత తెరిచే ఉంది. అత్తయ్య గారు పతకాలు కదలకుండా చుట్టూ ఊడ్చి, వీధివైపు ఒక కుర్చీ వేశారు.

"ఎవరికండీ?" అన్నాను.

"సారుకి" అన్నారు.