పెద్దమ్మ పొలాన్ని శుభ్రం చేశారు

మా పెద్దమ్మ నోరు మంచిది కాదని వీధి వీధంతా అంటుంది. నేనూ కాదనను. కోపమొస్తే ఎదురుగా ఉన్నది మనిషా మేకా అని చూసే అలవాటు ఆమెకు లేదు. కానీ ఆ కోపం ఎందుకొచ్చిందమ్మా అని అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు. అందుకే నేను చెబుతున్నాను. చెబుతుంటే నాకూ ఒళ్ళు మండుతుంది, కాస్త ఓర్చుకోండి.

నేను కర్రపెండలం పిండి మిల్లులో, దుంపలకు చెక్కు తీసి కడిగే షెడ్డులో పనిచేస్తాను. మిల్లు దగ్గరని పెద్దమ్మ ఇంట్లోనే ఉంటాను. ముందొక గది, వెనక వంటగది, దాని వెనక రేకుల వసారా. వసారాలో మంచమైతే ఉంది గానీ దాని మీద ఎప్పుడూ నాటడానికి దాచిన పెండలం కర్రల కట్టలుంటాయి. మనుషులు కింద పడుకోవాలి. పెద్దనాన్న నోట్లో నాలుక లేని మనిషి, కింద పడుకోమంటే కిందే పడుకుంటాడు.

మా వైపు కర్రపెండలానికి ఒక అపవాదు ఉంది, నేల సారమంతా తినేస్తుందని. ఇంకేదీ పండని నేలలో చివరికి పెండలం గుచ్చుతారు. దుంప పట్టుకుపోతారు, కర్ర పట్టుకుపోతారు, రాలిన ఆకును ఊడ్చి తగలబెడతారు. తిరిగి నేలకు ఒక్క పిడికెడు వేసే పాపాన పోరు. నాలుగు పంటలయ్యాక దుంప వేలంత ఊరితే "చూశావా, తినేసింది!" అంటారు. చుట్టానికి విస్తరి వేయకుండా తిండిపోతు అని పేరు పెట్టినట్టుంది వీళ్ళ వరస.

పైగా శుభ్రం పిచ్చి ఒకటి. నాటే ముందు పొలం ఊడ్చిన వాకిలిలా ఉండాలి. ఎక్కడైనా ఆకు కనిపించిందా, ఆ ఇల్లాలు బద్ధకస్తురాలు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు సైతం ముందు పొలం వైపు ఒక చూపు చూసిగానీ ఇంట్లోకి రారు.

పెద్దమ్మ పొలం ఏడాది పొడుగునా చెత్తగానే ఉండేది. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఏటవాలు పొలం చెక్కలో పార కూడా దిగేది కాదట. ఆమె రాలిన ఆకునంతా బోదెల మధ్య పరిచింది. వరసల నడుమ బొబ్బర్లు వేసి, కాయ కోసుకున్నాక మొక్కను పీకకుండా మొదలుకంటా కోసింది, వేరు నేలలోనే కుళ్ళాలని. గట్టు పొడుగునా గిరిపుష్పం కొమ్మలు నాటి, వాటి రొట్ట నరికి నేలకు కప్పింది. మిల్లులో పారేసే చెక్కును నేను తోపుడుబండిలో తెస్తే, కోళ్ళ ఎరువూ పొయ్యి బూడిదా కలిపి పొలం మూల కుప్ప వేసేది. ఆ కుప్ప కంపు కొట్టేమాట నిజమే. ఎన్నో ఏళ్ళు అలా చేశాక ఆ నేల నల్లబడింది. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేది.

"దీన్ని చేసింది నేనే. మీ పెద్దనాన్న వంశం చేసింది కాదు" అని ఒకసారి నా చేతిలో గుప్పెడు పోసింది. అందులో రెండు వానపాములున్నాయి. నేను కెవ్వుమంటే నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది తక్కువ.

పోయినేడు దుంపల తవ్వకాలయిపోయి, వానలింకా మొదలవ్వకముందు, పెద్దనాన్నకు కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. పెద్దమ్మ ఆస్పత్రిలోనే మంచం పక్కన చాప వేసుకుంది. చూడటానికి పెద్దనాన్న తమ్ముడు వచ్చాడు. నాకు బాబాయి. అతని చెక్క పెద్దమ్మ చెక్కకు సరిగ్గా దిగువన ఉంటుంది. మంచివాడు. వచ్చిన చిక్కంతా అదే, చెడ్డవాడైతే తిట్టి వదిలేసేవాళ్ళం.

"పొలం గురించి బెంగ పెట్టుకోకు వదినా, నేను చూసుకుంటాగా" అన్నాడు.

పెద్దనాన్న పడుకునే "మంచిదేరా" అన్నాడు. పెద్దమ్మ కాపలా కాస్తాడనుకుంది.

మర్నాడు సాయంత్రం మిల్లు నుంచి నేనొచ్చేసరికి అంతా అయిపోయింది. బాబాయి వీధిలో వాళ్ళందర్నీ పోగేశాడు. ఆకంతా దంతెలతో లాగి, కుప్ప వేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. బొబ్బర మోళ్ళు వేళ్ళతో సహా పీకేశారు. గిరిపుష్పం కంచె నరికి అందులోనే వేశారు. మూలనున్న కుప్పను కాలవలోకి తోసేశారు. పొలం గుండు కొట్టించుకున్న తలలా ఉంది. వాళ్ళు మా తొట్టి దగ్గర మసి కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు.

"ఎలా ఉందమ్మా? మీ పెద్దమ్మ వచ్చి గుర్తుపట్టదు చూడు!" అన్నాడు బాబాయి.

నేనన్న మాటలు ఇక్కడ చెప్పలేను. చిన్నపిల్లవి, నీకు తెలీదని అందరూ కొట్టిపారేశారు.

పెద్దమ్మ తిరిగొచ్చిన రోజు వీధిలోవాళ్ళు పొలం గట్టున వరసగా నిలబడ్డారు, దండం పెడుతుందని కాబోలు. ఆమె పెద్దనాన్నను నా చేతికి అప్పగించి పొలంలోకి వెళ్ళింది. వంగి మట్టి తీసింది, వదిలేసింది.

"ఎవరు చేశారు?"

"అందరం చేశాం వదినా. నీకు సాయంగా ఉంటుందని."

"నీకు సాయం చెయ్యమని చెప్పానా? నోరు తెరిచి అడిగానా?"

"కోప్పడతావేంటి? బూడిద బలమేగా, నువ్వు చల్లేదీ అదేగా!"

"నేను కుప్పలో కలిపి వేస్తానయ్యా! ఒట్టి నేల మీది బూడిద మొదటి వానకే పోతుంది. దాంతో నా మట్టీ పోతుంది. మట్టిని పట్టుకునేది ఏదీ మిగల్చలేదు మీరు. నా ఇంటికి నిప్పు పెట్టి చలి కాచుకోమంటున్నారు!"

ఇంకా చాలా అంది. పేరుపేరునా అంది. ముసలివాళ్ళని కూడా వదల్లేదు. మేలు చేస్తే ఇదా మర్యాద అని వాళ్ళు మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. ఆ రోజునుంచి "మంచిదేరా" అన్నందుకు పెద్దనాన్నతోనూ మాట మానేసింది. అన్నం పెట్టేది, మందులిచ్చేది, మాట్లాడేది కాదు.

మొదటి వాన కుండపోతగా కురిసింది. పొద్దున చూస్తే పెద్దమ్మ చెక్క నిండా నీళ్ళు కోసిన ఎర్రటి గాడులు పడ్డాయి. నల్లమట్టంతా దిగువకు జారి, బాబాయి అవతలి గట్టు దగ్గర ఆగి, అతని చెక్కలో పరుచుకుని ఉంది.

"నా మట్టి నీ పొలంలో ఉంది" అంది పెద్దమ్మ, అతని గుమ్మంలో నిలబడి.

"వాన తెచ్చినదానికి నన్నేం చెయ్యమంటావు వదినా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అది చూసి నాకు మరీ కడుపు మండింది.

ఈ ఏడు పంట తవ్వారు. మా చెక్కలో ఆకు పచ్చబారిపోయి, దుంపలు వేళ్ళంత ఊరాయి. బాబాయి చెక్కలో ఒక్కో దుంప తొడంత. వీధంతా ఏమందో తెలుసా? వాడు శుభ్రంగా ఉంచుకున్నాడు, పండింది. ఈవిడ మేలు చేసినవాళ్ళని తిట్టింది, నేల ఊరుకుంటుందా! ఇంతకన్నా మంచి తీర్పు ఎక్కడైనా దొరుకుతుందా చెప్పండి.

బాబాయి గంప నిండా పెద్ద దుంపలు ఏరి మోసుకొచ్చి వంటగది గుమ్మంలో దించాడు.

"ఉంచు వదినా, నీకు పండలేదుగా. నేనేమీ వెయ్యలేదు, శుభ్రంగా ఉంచానంతే. ఇవాళ కూడా ఆకు ఊడ్పించి కుప్ప వేయించా, ఇప్పుడు వెళ్ళి తగలబెడతా. నీ చెక్కకూ మనుషుల్ని పంపమంటావా?"

ఎగతాళి కాదది. ప్రేమగానే అన్నాడు.

పెద్దమ్మ ముందున్న కత్తిపీట పక్కకు జరిపి లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి, తన చెక్క దాటి, అతని చెక్కలోకి దిగింది. అతను వెనకాలే పరుగెత్తాడు, నేనూ పరుగెత్తాను. ఆమె తిన్నగా వెళ్ళి ఆ ఆకుల కుప్ప మీద కూర్చుంది.

"లే వదినా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ."

"నా పొలం, నా ఆకు..."

"పొలం నీదే. పైనున్న జానెడు మట్టి నాది. నా మట్టి తిని పెరిగిన ఆకు ఇది. వెలిగించు. నన్నూ కలిపి ఊడ్చెయ్."

బాబాయి చేతిలో అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. మా వెనక జనం చేరారు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"ఎంతసేపు కూర్చుంటావలా?" అన్నాడు చివరికి.

"వానలు పడి ఇది తడిసేదాకా."

వానలకింకా చాలా రోజులుంది, అందరికీ తెలుసు. ఒకరిద్దరు నవ్వారు కూడా. అప్పుడు జనంలోంచి పెద్దనాన్న ఇవతలికి వచ్చాడు. కోత పడిన కడుపు మీద చెయ్యి పెట్టుకుని, తమ్ముడి మొహం వైపు చూడకుండా మెల్లగా నడిచి వెళ్ళి, పెద్దమ్మకు కాస్త ఎడంగా ఆ కుప్ప మీదే కూర్చున్నాడు.