ఏడుపు వినబడని పాక

ఖానాపూర్ అవతల, అడవి అంచున, ఏటికి అడ్డంగా ఆనకట్ట లేస్తున్న రోజులవి. నేను కంకర తట్టలు మోసేదాన్ని. ఒకనాడు రాయి జారి పాదం మీద పడింది. ఇక తట్ట మోయలేనని తేలాక మేస్త్రి నన్ను వెళ్లగొట్టకుండా పిల్లల పాకలో కూర్చోబెట్టాడు. పనికి వచ్చే ఆడవాళ్ల పిల్లలకు నీడ ఉండాలని పైనుంచి హుకుం వచ్చిందట. గడ్డి కప్పు, కాచి చల్లార్చిన నీళ్ల కుండ, వెదురు దూలానికి వేలాడే తొమ్మిది పాత చీరల ఉయ్యాలలు. కుంటిదాన్నయితేనేం, ఆ పాకకు నేనే రాణిని.

ఇప్పుడు తలచుకుంటే అది నిద్రలో చూసిన చోటులా ఉంటుంది. గడ్డి సందుల్లోంచి ఎండ పోగులు పోగులుగా దిగేది. ఆ వెలుగులో సిమెంటు దుమ్ము మెల్లగా తేలేది. ఏటివైపు నుంచి సుత్తుల చప్పుడు ఎక్కడో వేరే లోకంలో మోగుతున్నట్టు వచ్చేది. ఒక్క తాడు లాగితే తొమ్మిది ఉయ్యాలలూ కదిలేటట్టు కట్టుకున్నాను. తాడు పట్టుకుని కూర్చుంటే నా కళ్లే మూతలు పడేవి. ఊగుతున్నది ఉయ్యాలో, పాకో, నేనో తెలిసేది కాదు. పొద్దంతా ఒక్క పిల్లా ఏడ్చేది కాదు. "నీ చేతిల ఏదో మహిమ ఉందే" అనేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు.

నా చేతిలో ఏ మహిమా లేదు, అంతా నల్లమందు మహిమ. పనిలోకి దిగేముందు తల్లులు ఆవగింజంత నల్లమందును పాలలో అరగదీసి పిల్లల నాలుక మీద రాసేవాళ్లు. అంగట్లో అమ్మే వస్తువే. మా అవ్వ నాకూ రాసి పొలానికి పోయేదట. తప్పని ఎవరూ అనుకోలేదు, అనుకునే తీరిక కూడా ఎవరికీ లేదు.

హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఇద్దరు పిల్లలు పోయాక పుట్టిన ఆడపిల్ల ఆమెది, అయిదు నెలలది. పొడుగాటి వేళ్లు, ఎప్పుడూ నా ముక్కుపుడక కోసం చాచేది. చెప్పొద్దూ, తొమ్మిదిమందిలో నాకు అదంటేనే ప్రాణం. ఉయ్యాల తాడుకు నల్లమందు ఉన్న గుడ్డముడి కట్టి వాళ్లమ్మ నాతో అంది, "మస్తు ఏడిస్తే జర గింత రాయి అక్కా."

ఒక పొద్దున మేస్త్రి ఉరుక్కుంటూ వచ్చాడు. "పెద్దసారు పాక చూడనీకి వస్తుండు. ఒక్క పోరి గూడ ఏడ్వొద్దు. పాక ఉంటదా పోతదా ఇయ్యాల తేలుతది." ఆ రోజే ఆ పిల్లకు చిగుళ్లు ఉబ్బి, గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్లమ్మ రాయడం మరిచిపోయిందనుకున్నాను. కట్ట మీదికి పోయి అడిగే కాలు నాకు లేదు. ముడి విప్పి నేనే రాశాను.

సారు వచ్చేసరికి పాక నిద్రపోతోంది. కుండ మీది మూత ఎత్తి చూశాడు, నేల చూశాడు, శుభ్రంగా ఉంచావని మెచ్చుకున్నాడు. నేను మురిసి ముక్కలయ్యాను.

మధ్యాహ్నం పాలివ్వడానికి తల్లులు వచ్చారు. హుస్నాబాద్ ఆమె తన పిల్లను ఎత్తుకుంది. తల వెనక్కి వాలిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"అక్కా, పాలు పడ్తలేదు. పొద్దుగాల నేను రోజు లెక్కనే రాసిన గదా."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

దవాఖానా గుడారం నుంచి వచ్చిన కంపౌండరు పిల్ల కళ్లు విప్పి చూసి, "పండుకోనియ్యొద్దు. పండుకుంటే దక్కది" అన్నాడు. పాక నుంచి ఏటి దాకా, ఏటి నుంచి పాక దాకా ఆమె, నేను, కంపౌండరు పిల్లను చేతులు మార్చుకుంటూ తిరిగాం. తడిగుడ్డతో ముఖం తుడవడం, అరికాళ్ల మీద వేళ్లతో కొట్టడం. నా పాదం నొప్పి గుర్తుకే రాలేదు. టేకు చెట్లు, ఇసుక, నీళ్లు, మళ్లీ టేకు చెట్లు. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కలలానే ఉంది. పొద్దు వాలుతుండగా పిల్ల సన్నగా ఏడ్చింది. ఆమే నేనూ ఇసుకలో కూలబడి దానికంటే గట్టిగా ఏడ్చాం.

ఆ తరువాత ఆమె తన బిడ్డను ముట్టుకోవడానికే భయపడింది. "నా చెయ్యి మంచిది కాదక్కా. నీ చెయ్యి మంచిది. నువ్వే తానం పొయ్యి" అంటూ నా ఒళ్లో పెట్టేది. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. నాలుగో రోజు ఆమె నీళ్ల పీపా దగ్గర చేతులకంటిన సిమెంటు కడుక్కుంటుంటే చెప్పేశాను.

"నువ్వు రాసినవ్, నీ ఎన్క నేను గూడ రాసిన. సారు వస్తుండని. నిన్ను అడగలే."

ఆమె తిట్టలేదు. చేతులు కడుక్కోవడం పూర్తి చేసి, పిల్లను వీపుకు కట్టుకుని, నెత్తిన తట్టతో ఎండలో కట్ట ఎక్కింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజే తొమ్మిది ఉయ్యాలలు వెతికి, దొరికిన ముడులన్నీ ఏట్లో పారేశాను. పొద్దున ఇంటి దగ్గర రాసుకొస్తే పిల్లను తీసుకోనని తల్లులకు చెప్పాను. నా మీద పడి కొట్లాడారు. పాక గగ్గోలెత్తింది. మేస్త్రి వచ్చాడు. "ఏందే గీ లొల్లి? పాక తీసేస్తరు చూడు."

"తీసేస్తే తీసేయనీ. బతికున్న పిల్లలు ఏడుస్తరు" అన్నాను. పాక తీసేయలేదు. నా మాటకు భయపడి కాదు, మరో కుంటిది దొరకక.

వారం గడిచాక ఆమె గుమ్మంలో నిలబడింది. పిల్ల ముఖం ఎండకు కమిలిపోయింది. పాత ఉయ్యాలలోనే పడుకోబెట్టింది.

"మల్ల పోరిని నా తాన ఎట్ల ఇడుస్తవ్?" అని అడిగాను.

"గిప్పుడు గీ పాకల ఏడుపు కట్ట దాంక ఇనబడ్తుంది. రాళ్లు మోసుకుంట ఇనుకుంట ఉంట" అంది.

ఆమె కట్ట ఎక్కుతుండగా పిల్ల గుక్కపట్టింది. ఆమె నెత్తిన తట్టతో ఒక్క క్షణం ఆగి, విని, ముందుకు నడిచింది.