హనుమకొండ బోర్డు మీద మూడు చుక్కలు

మా అక్క కూతురు శ్రావణి పీహెచ్‌డీ వైవాకు రమ్మని పిలిచింది కాబట్టి వరంగల్ బయలుదేరాను. అలాంటి పరీక్షకు ఎవరైనా వెళ్ళి వెనక వరసలో కూర్చోవచ్చు. టికెట్ లేదు, గేటు దగ్గర అడిగేవారూ లేరు. ఇది చదివి వెళ్ళదలచినవారికి ముందే చెబుతున్నాను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు సికింద్రాబాద్‌లో జనరల్ పెట్టె ఎక్కాను. ఆలేరు దాకా నిలబడ్డాను. అక్కడ సీటు దొరికింది. పక్కన ఒక పెద్దమ్మ ఒళ్ళో మిరపనారు కట్ట పెట్టుకుని కూర్చుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగుతుందట.

"ఏడికి పోతానవ్ సారూ?"

"మేనకోడలి పరీక్షకమ్మా. చుక్కలూ బాణాలూ గీసి లెక్కలు చేసింది. ఆ బొమ్మను అమ్ములపొది అంటారు."

"బాణాలు ఎవలకు తాకుతయ్ మరి?"

"ఎవరికీ తాకవు. దారి చూపుతాయి."

ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతాను. చుక్కలు స్టేషన్లు, బాణాలు ఒకవైపే నడిచే బండ్లు. భువనగిరి నుంచి ఆలేరు, ఆలేరు నుంచి జనగామ కలిపితే ఒక ప్రయాణం. ఆలేరులో దిగినవాడికి ఘన్‌పూర్‌లో బయలుదేరే బండి కలిపితే ఏమీ కాదు.

"బండి తప్పిపోయినట్టు," అంది పెద్దమ్మ.

"అంతే. లెక్కల్లో దాన్ని సున్నా అంటారు."

ఈ ప్రయాణాలతో అల్లిన లెక్కల లోకాన్ని ఆల్జీబ్రా అంటారు. అలాంటి ఒక లోకం నుంచి మరో లోకానికి వేసే వంతెన టిల్టింగ్ మాడ్యూల్. వంతెన దాటితే ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అన్నదే శ్రావణి పరిశోధన. ఈ సంగతి చెప్పేలోపే ఘన్‌పూర్ వచ్చింది. పెద్దమ్మ నారు తడి ఆరకుండా కొంగు కప్పి దిగిపోయింది.

తొమ్మిది కాకముందే కాజీపేట చేరాను. షేర్ ఆటోలో హనుమకొండ చౌరస్తాకు వచ్చి ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ కోసమైనా అక్కడ ఆగవచ్చు. ఎదురుగా మా బావ, అంటే శ్రావణి నాన్న సత్యనారాయణ బట్టల అంగడికి షట్టర్ వేసి ఉంది. అంగడి తెరిచే రోజున ఆయన షట్టర్ దించడం నేను అంతకుముందు చూడలేదు.

బావ రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టడు. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది. యూనివర్సిటీలో వైవా కూడా పదిన్నరకే. రాహుకాలం ఉత్త నమ్మకమని నేను ఎన్ని వ్యాసాలు రాశానో ఆయనకు తెలుసు. వైవా హాల్లో నన్ను చూడగానే అన్నాడు: "నీ వ్యాసం పరిచి దాని మీదనే జాకెట్ ముక్కలు పేర్చిన బామ్మర్ది. మస్తుగ అమ్ముడు పోతున్నయ్."

ఆ మాట తప్ప వాదన లేదు. నవ్వుతూ ముందు వరసలో కూర్చున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. నేను చాయ్ తాగడానికి కిందికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి పదీ నలభై. పరీక్షాధికారి ఇంకా రాలేదు. బోర్డు మీద మూడు చుక్కలు, రెండు బాణాలు; శ్రావణి సాధన చేసి వదిలేసిందనుకున్నాను. బడిపంతులుగా బతికినవాణ్ణి, పెద్దమనిషి వచ్చే గదిలో బోర్డు నల్లగా ఉండాలి నాకు. డస్టర్ తీసుకుని శుభ్రంగా తుడిచాను. వెనక్కి తిరిగితే బావ ముఖంలో నవ్వు లేదు. లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

"ఏం జేసినవ్ మామా," అంది శ్రావణి. "ముందుగాల షురూ అయిన పని రాహుకాలంల నడువొచ్చట. అందుకే పదింటికే మూడు చుక్కలు పెట్టి షురూ జేసిన. గప్పుడు కూసున్నడు నాన్న."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె ఉపన్యాసం షురూ జేస్తవని."

మళ్ళీ గీయమన్నాను. ఇప్పుడు గీస్తే రాహుకాలంలో మొదలైనట్టే కదా అంది. తరువాత గొంతు తగ్గించి, "నాన్నను తీస్కరా మామా. ఆయన లేకుంటె నాతోని కాదు," అంది.

అది గారాబం కాదు. థీసిస్ అంతా ఆమె అంగడి కట్టేశాక బట్టల తానుల మధ్య నిలబడి ఆయనకు చెప్పుకుంది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క రోజూ లేచిపోలేదు.

వరండాలో నాకు అలవాటైన దారే పట్టాను. "బావా, రాహువు అనే గ్రహమే లేదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే చోటు, అంతే."

"నీకు లేదు, నాకున్నది. మీరు కానియ్యుండ్రి. నేను లోపలికొచ్చి బిడ్డ పని చెడగొడ్తనా?"

నా దగ్గర ఇంకా చాలా వాదనలున్నాయి. వాటిని పక్కన పెట్టాను. మెట్ల మీద పరీక్షాధికారి చెప్పుల చప్పుడు వినిపించింది.

"బావా, పొద్దున బోణీ నోటు మధ్యాహ్నం చిల్లర కింద ఇచ్చేస్తావు. బోణీ పోయినట్టేనా?"

"ఎట్ల పోతది? అయిన బోణీ అయినట్టే."

"శ్రావణి పదింటికి చుక్కలు పెట్టింది పెట్టినట్టే. నేను తుడిచింది సుద్ద."

బావ నా వైపు తిరిగాడు. "బోణీ ఉత్త మాటని రాసింది నువ్వే గద?"

"నేనే."

"మరి?"

"అది వ్యాసం. ఇప్పుడు నీతో మాట్లాడుతున్నాను."

బావ నా చొక్కా చేతికి అంటిన సుద్దపొడి దులిపి, నాకంటే ముందు లోపలికి నడిచాడు.

శ్రావణి మూడు చుక్కలూ మళ్ళీ పెట్టి మాట్లాడింది. సగంలో పరీక్షాధికారి అడిగాడు: "వంతెన మీద హోమ్ అనే దారిలో కొన్ని సున్నా అవుతాయి కదా. అవి పోయినట్టేనా?" ఆమె బావ వైపు చూసింది. ఆయన తలూపాడు, తానుల మధ్య ప్రతి రాత్రీ ఊపినట్టే.

"పోవు సార్. ఈ దారిలో సున్నా అయినవి ఎక్స్‌ట్ అనే ఇంకో దారిలో దాటుతయ్. ఒక్కటి గూడ పోదు."

నా ముఖం చూసి ఆ మాట అనలేదు. అయినా నా వ్యాసాల్లో నేను సున్నా అన్నవి గుర్తొచ్చాయి.

పన్నెండు దాటాక ఫలితం చెప్పారు. డాక్టర్ శ్రావణి. బావ లడ్డూల డబ్బా తెరిచి, మొదటిది పరీక్షాధికారికి, రెండోది నాకు పెట్టాడు. భోజనం అక్క ఇంట్లో.

సాయంత్రం కాజీపేటలో తిరుగు బండి ఎక్కాను. ఈసారి కిటికీ పక్కనే సీటు. రామప్ప గుడికి ఎవరైనా వెళ్తారు, వెళ్ళవలసిందే. కానీ వీలుంటే ఇలాంటి గదిలోనూ ఒక పూట కూర్చోండి. రుజువు లేకుండా ఎవరూ ఎవరినీ నమ్మని చోట, ఒకరి ముఖం చూసి ఒకరు ధైర్యం తెచ్చుకోవడం కనిపిస్తుంది.

జనగామ దాటాక బావ ఫోన్ చేశాడు. "బామ్మర్ది, బోణీ మీద రాసింది వాపస్ తీస్కుంటవా?"

"తీసుకోను బావా."

"తీస్కోకు. ఇంకోటి గూడ రాయి. అంగట్ల పరుసుటానికి కాయితం తక్కువున్నది."