ఉధ్నా తోవలో మొదటి ముడి

మా వియ్యంకుడు పోయాడన్న కబురు, గ్రంథం ఒడిలో తెరిచి పెట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చింది. కరోనా మూడోసారి ముదిరిందని మన కాలనీ ప్రవచనాల హాలుకు మళ్ళీ తాళం వేసిన రోజులవి. పొద్దున ఏడున్నరకు నేను ఫోన్లోనే ప్రవచనం చెప్తున్నాను, మీరు మీ ఇళ్ళలో కూర్చుని వింటున్నారు. ఆ రోజు ఇంకా మొదలుపెట్టలేదు. మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాయినా, మామ పోయిండు. దవాఖాన నుంచి ఇప్పుడే జెప్పిన్రు" అంది.

నా గొంతు మీకు తెలుసు. మైకు లేకపోయినా గల్లీ చివరికి వినపడుతుందని మీరే నవ్వుతారు. ఎన్నో చావు ఇళ్ళలో కూర్చుని, పోయేది దేహమే గాని లోపలివాడు కాదని ఆ గొంతుతోనే గట్టిగా చెప్పి వచ్చాను. ఆ పొద్దు కన్నకూతురికి ఒక్క మాట చెప్పలేకపోయాను. దుఃఖం ఒక్కటే కాదు కారణం. ముందురోజు సాయంత్రం ఆయన నన్నొక పని అడిగాడు. రేపు చేస్తానన్నాను. ఆ రేపు వచ్చింది, ఆయన లేడు. ఆ పని సంగతి చెప్పకుండా ఆయన గురించి రాస్తే అది స్మృతి కాదు, అబద్ధం.

మీలో చాలామందికి ఆయన రైలు గేటు దగ్గర ఖాళీ బాబిన్ల డబ్బా బోర్లించుకుని కూర్చునే పెద్దమనిషిగానే తెలుసు. నాకు మాత్రం వయసులో ఉన్నప్పటి నుంచీ స్నేహితుడు, తర్వాత వియ్యంకుడు. పొట్టకూటికి ఈ గుజరాతీ ఊరొచ్చి, పట్టాల అవతల ఉధ్నాలో ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాలు నడిపాం. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. అరచెయ్యి బోర్లిస్తే మగ్గం ఆపమని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపితే, తెగిన పోగు ముడివేశావా అని. ఆ చప్పుడు ఆయన చెవులను సగం తినేసింది. పని మానేసిన తర్వాత కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. సాసరులో టీ పోసుకుని తాగుతున్నా ఒక చెయ్యి గాలిలోనే ఉండేది.

నేను కాస్త ఖాళీ దొరికితే గ్రంథం తెరిచేవాణ్ణి, ఆయన గుజరాతీ పేపరు తెరిచేవాడు. గుజరాతీ ఆయనకు ఎవరూ నేర్పలేదు. దుకాణాల బోర్డులు చూసి కూడబలుక్కున్నాడు. నగరపాలిక బడ్జెట్ పేపర్లో పడిన రోజు ఆయనకు పండగే. ఏ వైపు రోడ్డుకు ఎంత, ఏ వైపు బస్సులకు ఎంత అని వేలు పెట్టి చదివేవాడు. ఈ పిచ్చి ఏమిటని నేనొకసారి వెక్కిరించాను. ఆయన పేపరు మడిచి నా వైపు చూసి అన్నాడు: "నువ్వు వైకుంఠానికి తోవ జెప్తవు బావ. ఉధ్నాకు తోవ ఎవడు జెప్పాలె?"

మన కాలనీ పట్టాలకు ఇవతల ఉంది, మన మగ్గాలు అవతల ఉన్నాయి. ఇళ్ళల్లో పనికి ఆల్థాన్ పోయే ఆడవాళ్ళు ఇంకా దూరం పోవాలి. హజీరా ఫ్యాక్టరీలకు పోయే కుర్రాళ్ళకు కంపెనీ బస్సు వస్తుంది గాని, అది పెద్దరోడ్డు దాటి ఇటు రాదు. లాక్‌డౌన్‌కు ముందు షేర్ ఆటోలుండేవి. మనం ఊళ్ళకు నడిచిపోయి, రైళ్ళు మొదలయ్యాక తిరిగి వచ్చేసరికి అవి సగం లేవు, ఉన్నవి మనిషికీ మనిషికీ దూరం ఉండాలని నలుగురిని ఎక్కించుకోలేదు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని పట్టాల వెంట నడిచాం. దారి తగ్గుతుందని గేటు ఎక్కడ ఉందో చూడకుండా పట్టాలు దాటాం. అలా దాటి మళ్ళీ ఇంటికి రానివాళ్ళు మీకూ తెలుసు, వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను.

అలాంటి సమయంలోనే ఒక కబురు వచ్చింది. బార్డోలీ నుంచి హజీరా దాకా ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో చూసి కొత్త బస్సు రూట్లకు ప్లాను గీస్తున్నారట. ఇంటింటికీ మనుషులు వచ్చి అడుగుతారట. ఆ లెక్క మీదే వచ్చే ఏడాది బస్సులకు కేటాయింపు. మా వియ్యంకుడు వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి మన కాలనీని కూడా ఆ జాబితాలో రాయించి వచ్చాడు.

ఇక నేను చేసింది వినండి. అంతకు ముందు ఎండాకాలం మీకు గుర్తుంది. కాగితం మీద పేరు పడితే గల్లీకి అడ్డంగా బొంగులు కట్టేవారు, తలుపుకు బోర్డు అంటించేవారు. ఆ భయం మన ఒంట్లోంచి పోలేదు, నా ఒంట్లోంచి కూడా. సర్వేవాళ్ళు వచ్చే ముందు వారం నేను అజ్ఞాతవాసం గురించి చెప్పాను. పరాయి రాజు కొలువులో ఆ అయిదుగురూ పేర్లు దాచుకునే బతికారని, పరాయి ఊళ్ళో పేరు చెప్పుకున్నవాడు దొరికిపోతాడని గొంతు చించుకున్నాను. మీరు తలలు ఊపారు. నాకు అది బాగుంది.

మన గదుల సంగతి మనకు తెలుసు. పగటి పాళీ వాడు లేచిపోతే రాత్రి పాళీ వాడు వచ్చి అదే మంచంలో పడుకుంటాడు. ఒక మంచం, ఇద్దరు మనుషులు. సర్వే అమ్మాయి వచ్చి ఎంతమంది ఉంటారని అడిగితే, ప్రతి గదిలోనూ మంచాలు లెక్కపెట్టి చెప్పారు. ఆరు మంచాలుంటే ఆరుగురం. పేర్లు కూడా సగం ఊరి పేర్లు, సగం దేవుళ్ళ పేర్లు. ఎక్కడికి పోతారంటే ఎక్కడికీ పోమన్నారు.

నాలుగు నెలల తర్వాత మా వియ్యంకుడు పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మన వైపు బస్సెక్కే జనం తక్కువని తేలిందట. మన రూటుకు అనుకున్న కేటాయింపు కొత్త బిల్డింగులు లేస్తున్న వైపు పోయింది. ఆయన అరవలేదు, నన్ను తప్పు పట్టలేదు. మాస్కు గడ్డం కిందికి లాగి, సాసరులో టీ ఊదుకుంటూ ఒకటే అడిగాడు: "మంచాలెక్కుతయా బావ బస్సు?"

మా ఆవిడ నవ్వింది, నేను కూడా నవ్వాను. నవ్వు ఆగాక ఆయన ముఖం చూశాను. ఎన్నేళ్ళ ఆశ అందులో చచ్చి ఉందో అప్పుడు కనపడింది. ఈ రూటు పోవడానికి నా మాటలు కారణమని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఆయనది మర్యాద, నాది పిరికితనం.

ఆ మరుసటి రోజు నుంచే రైలు గేటు దగ్గర డబ్బా బోర్లించుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, పాళీలు మారే వేళ. చేతిలో దారం. మగవాళ్ళకు తెలుపు, ఆడవాళ్ళకు పసుపు. పదిమంది దాటితే ఒక ముడి. నోటుబుక్కులో రాయవచ్చుగా అన్నాను. "రాస్తే మంది భయపడ్తరు బావ. ముడేస్తే ఎవ్వడు జూడడు" అన్నాడు. నన్ను గేటు అవతలి పక్కన కూర్చోబెట్టాడు. ఆయన దారం, నా దారం చివరికి సరిపోవాలి. మొదట్లో నాది ఎప్పుడూ తక్కువ వచ్చేది. తెలిసినవాళ్ళు కనపడితే నేను మాటల్లో పడేవాణ్ణి. ఆయన అవతలి నుంచి రెండు వేళ్ళు నలిపి చూపేవాడు, ముడి వెయ్యి అని.

ఒకటి గమనించాను. ఎవరూ రాకముందే ఆయన ప్రతి దారానికీ మొదట ఒక ముడి వేసుకునేవాడు. అదేమిటని అడిగితే, "నేను గూడ నడిచినోన్నే గద. నన్ను నేను లెక్కవెట్టకుంటే ఎవడు వెడ్తడు" అన్నాడు. పదిమందికి ఒక ముడి గదా, నువ్వొక్కడివే పదిమందివా అని వేళాకోళం చేశాను. ఆఫీసులో చెప్పేటప్పుడు ఆ ముడి తీసేసి చెప్తానన్నాడు, అలాగే చెప్పేవాడు.

దారాల మూట పట్టుకుని రవాణా ఆఫీసుకు పోయాం. అక్కడ ప్లాను గీసే ఇంజినీరమ్మ గదిలో గోడ మీద పెద్ద మ్యాపు ఉంది. రంగురంగుల గీతలు నగరమంతా పాకి ఉన్నాయి, మన కాలనీ మాత్రం తెల్లగా ఉంది. ఆయన దారాలు బల్ల మీద పరిచాడు. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒక్కొక్క దారం పట్టుకుని ఇది ఏ రోజుది, ఏ పాళీది అని అడిగింది. ఆ వారంలోనే ఒక పొద్దున స్వయంగా గేటు దగ్గరికి వచ్చి నిలబడి లెక్కపెట్టుకుంది. పోతూపోతూ ఒక మాట చెప్పింది: కాకా, నేను నమ్ముతున్నాను, కాని కేటాయింపు నా నమ్మకం మీద జరగదు, ఇళ్ళ లెక్క కాగితం మీద ఉండాలి. మీ కాలనీలో ఇంకొక్కసారి ఇంటింటి లెక్క పెట్టిస్తాను, ఈసారి పేర్లు చెప్పమనండి.

వెనక్కి నడుస్తూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మాటకే మంది నోరు మూసిన్రు బావ. నువ్వే తెరిపియ్యాలె."

చెప్తాను అన్నాను. చెప్పలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. జనం ముందు నిలబడి, నేను చెప్పింది తప్పు అనడం ఎంత బరువో, మాటల మీద బతికేవాడికే తెలుస్తుంది. అది తప్పు కాదు, ఆపద కాలానికి ధర్మం అని ఆయనతోనే వాదించాను. గ్రంథంలోనే ఉంది చూడమన్నాను. ఆయనకు గ్రంథం రాదు. కాని కథ తెలుసు. అడిగాడు: "అజ్ఞాతవాసం ఎన్నేండ్లు బావ? ఒక్క ఏడాదే గద. గా ఏడాది అయిపోయినంక ఆళ్ళేం జేసిన్రు? బయటికచ్చి వాటా అడగలే?"

కూడబలుక్కుని చదివి, వాక్యం వాక్యం కంఠస్థం చేసినవాణ్ణి. ఆ సంగతి నాకెన్నడూ తట్టలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకే ఆయనకు జ్వరం పట్టుకుంది. ఊపిరి ఆడక దవాఖానలో చేర్చారు, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ముందురోజు సాయంత్రం అని మొదట చెప్పానే, అప్పుడు నర్సమ్మ దయతలచి వీడియో కాల్ కలిపింది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, మాట రాదు. మా అమ్మాయి ఫోన్ నా వైపు తిప్పింది. ఆయన చెయ్యి దుప్పటి మీదినుంచి మెల్లగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపాడు. తెగిన పోగు ముడివేశావా అని. ఇంటి లెక్కవాళ్ళు రావడానికి ఇక రెండు రోజులే ఉన్నాయి.

రేపు చెప్తా బావ అన్నాను. ఆయన అరచెయ్యి బోర్లించాడు, మగ్గం ఆపమని.

ఆ పొద్దున మీరందరూ ఫోన్లో వేచి ఉన్నారు. గ్రంథం మూసేసి ఏం చెప్పానో మీరు విన్నారు. మంచాలు కాదు మనుషులను చెప్పమన్నాను. నా మాట వల్లే మన రూటు పోయిందన్నాను. గడువు తీరినా దాక్కున్నవాడిది అజ్ఞాతవాసం కాదు, మరుపు అన్నాను. ఆ మాటలు నావి కావు. ఆయన నా చేతిలో పెట్టి పోయినవి.

మీరు చెప్పారు. ప్రతి గదిలో ఇద్దరిద్దరి పేర్లు, పోయే చోటు, పోయే వేళ రాయించారు. మా అమ్మాయి తమ ఇంటి వాకిట్లో తన పేరు, భర్త పేరు చెప్పి ఆగిపోయిందట. ఇంకెవరైనా ఉన్నారా అని సర్వే అమ్మాయి రెండుసార్లు అడిగిందట.

ఈసారి ప్లానులో మన రూటు ఉంది. పేపరు నేనే చదివాను, వేలు పెట్టి, కూడబలుక్కుని. బస్సు ఇంకా రాలేదు. రైలు గేటు దగ్గర ఒక స్తంభం పాతారు, దానికి బోర్డు ఇంకా పెట్టలేదు.

దినకర్మలు అయ్యాక ఆయన టిఫిన్ సంచి మా అమ్మాయి నాకిచ్చింది. లోపల ఒక తెల్లదారం ఉంది. జ్వరం వచ్చిన రోజుది అయ్యుండాలి. దానికి ఒకటే ముడి, మొదటిది. ఆ తర్వాత నూలంతా ఖాళీ.

ఇప్పుడు పొద్దున ఏడింటికి ఆ స్తంభం పక్కన డబ్బా బోర్లించుకుని నేను కూర్చుంటున్నాను. పాళీ దిగినవాళ్ళు ఇటు, ఎక్కేవాళ్ళు అటు. మాటల్లో పడకుండా చూస్తాను. పదిమంది దాటగానే ఆ దారానికే ముడి వేస్తాను, ఆయన ముడి పక్క నుంచి మొదలుపెట్టి.